కుజుడి మీద ఆషాఢం

సహనివాసం: 41వ రోజు

ఈ దినచర్య రాయమన్నది విశ్వవిద్యాలయం వాళ్ళు. బయటి నుంచి మొగుణ్ణో పెళ్ళాన్నో తెచ్చుకున్న ప్రతి విద్యార్థీ తొంభై రోజులపాటు రాసి తీరాలట. చదివేది మనిషి కూడా కాదు, యంత్రం. సరే యంత్రం గారూ, పరిచయాలు చేసుకుందాం. నా పేరు వీరవేణి. మాది సామర్లకోట. అక్కడ పెరట్లో ఉమ్మేస్తే మొలిచే పెసల్ని ఇక్కడ ఎర్రమట్టిలో మొలిపించడం నా పరిశోధన. రెండేళ్ళలో మూడు మొలకలొచ్చాయి. రెండు చచ్చాయి. మూడోదానికి మా గైడు తన పేరు పెట్టుకున్నాడు.

మా ఆయన పేరు లెవాన్. చంద్రుడి మీద పుట్టి పెరిగినవాడు, అక్కడ నీటి పంపుల మెకానిక్కు. నేను ఇక్కడికి వస్తూ ఓడ కోసం చంద్రుడి మీద ఐదు నెలలు పడిగాపులు పడ్డప్పుడు మా హాస్టల్లో పంపు బాగుచేయడానికి వచ్చాడు. ఆ పంపు వారానికి మూడుసార్లు ఎందుకు పాడయ్యేదో పెళ్ళయ్యాక చెప్పాడు.

పెళ్ళయిన పదో రోజున నేను ఓడెక్కేశాను. తర్వాతి ఓడ రెండేళ్ళ రెండు నెలలకు గానీ లేదు. ఈలోగా అతను ఎనిమిది నెలలు తిరుగుడు గదిలో గిరగిరా తిరుగుతూ ఎముకలు గట్టిపరుచుకున్నాడు. చంద్రుడి మీద కంటే ఇక్కడ మనిషి బరువు రెండింతల పైనే. ఇప్పటికీ మోకాళ్ళకు పట్టీలు లేకుండా నిలబడలేడు. మనిషి దాదాపు ఏడడుగులు. మా గదిలో అతను నిటారుగా నిలబడగలిగే చోటు ఒక్కటే, పైకప్పులో దీపం పెట్టిన గుంట కింద. అక్కడే నిలబడి కాఫీ తాగుతాడు.

గోడకు ఊపిరి మీటరు ఉంది. గదిలో ఎంతమంది గాలి పీలుస్తున్నారో అంకె చూపిస్తుంది. ఇక్కడి వాళ్ళకు పెళ్ళి సర్టిఫికెట్ల మీద నమ్మకం లేదు. మీటరు మీద రోజుకు ఎనిమిది గంటలు 'రెండు' కనిపించాలి, అలా తొంభై రోజులు. అప్పుడే లెవాన్‌కు నివాస పత్రం. వరసగా ఏడు రోజులు 'ఒకటి' కనిపిస్తే నోటీసు, విచారణ, ఆపైన తిరుగు ఓడ.

ఈరోజు మీటరు: రెండు. ఇక చాలు, పెసల దగ్గరికి పోవాలి.

సహనివాసం: 47వ రోజు

ఈరోజు స్నానం రోజు. మనిషికి రోజుకు ఆరు లీటర్ల నీళ్ళిస్తారు, స్నానం మూడు రోజులకోసారి. ఆ నీళ్ళు చూస్తేనే లెవాన్ కళ్ళు చెమ్మగిల్లుతాయి. చంద్రుడి మీద ఇందులో సగం.

అతని తెలుగు గురించి రాయాలి. తిరుగుడు గదిలో తిరిగే ఎనిమిది నెలలూ ఏమీ తోచక తెలుగు నేర్చుకున్నాడు. నేర్పింది మా నూకరత్నం పెద్దమ్మ. మా అమ్మకు అక్క, సామర్లకోట స్టేషన్ రోడ్డులో కర్రీ పాయింటు నడుపుతుంది. నా పెళ్ళి సంగతి తెలిసి నాన్న ఇంతవరకు ఒక్క ముక్క పంపలేదు. అమ్మ "సరే" అని పంపింది, అంతే. పెద్దమ్మ ఒక్కతే రోజూ వంకాయలు తరుగుతూనో, పులుసు తిప్పుతూనో గంటసేపు మాటలు రికార్డు చేసి పంపేది. నాకు పంపితే నేను వినడం లేదని నేరుగా అతనికే పంపడం మొదలెట్టింది. అతను ఒక్కటి వదలకుండా విన్నాడు.

ఆ మాటల్లో సగం పెద్దమ్మ మా పెద్దనాన్నను పిలిచే పిలుపులే. ఏవండీ గరిటె ఏదండీ, ఏవండీ గ్యాసు కట్టండీ. దాంతో మా ఆయన నన్ను "ఏవండీ" అంటాడు. అవునంటానికి మాత్రం అచ్చం కాకినాడ బస్టాండులో పుట్టినవాడిలా "ఆయ్" అంటాడు. నేను మాత్రం నువ్వు అంటాను. బయటివాళ్ళు వింటే ఎవరు మొగుడో అర్థం కాదు.

సహనివాసం: 52వ రోజు

పొద్దున తలుపు గాడిలో ఎర్రదుమ్ము గీకుతుంటే పెద్దమ్మ మాట వచ్చింది. స్పీకర్లో పెట్టి నా పని నేను చేసుకుంటున్నాను.

"ఒసేయ్ వేణీ, ఎల్లుండి నించి ఆషాఢవే. నువ్వు కాపరానికెళ్ళాక ఇదే మొదటాషాఢం. మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లో ఉండకూడదు. కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. బాబూ లెవానూ, ఇంటన్నావా? నీకే చెప్తన్నాను. ఇది మాత్రం నువ్వు పాటించాలయ్యా. ఏవండీ, ఆ బెండకాయ మాడిపోతంది సూడండీ..."

నేను నవ్వి దుమ్ము గీక్కున్నాను. సరిగ్గా ఇక్కడ నా బుర్ర పనిచెయ్యలేదు. లెవాన్ దీపం గుంట కింద నిలబడి, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా మొత్తం విన్నాడు. ఆఖర్న "ఆయ్" అన్నాడు. అది పెద్దమ్మకు కూడా పంపాడు.

సహనివాసం: 54వ రోజు

మా ఆయన ఇల్లొదిలి వెళ్ళిపోయాడు.

గొడవేమీ లేదు. పొద్దున లేచి రెండు చొక్కాలు, మోకాలి పట్టీలు, పళ్ళబ్రష్షు సంచిలో పెట్టుకున్నాడు. ఎక్కడికంటే ఆషాఢం అన్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, మనిషి నిజంగానే వెళ్తున్నాడు.

"కొత్త కోడలు పుట్టింటికెళ్ళాలి కదండీ," అన్నాడు. "మీ పుట్టిల్లు ముప్పై నాలుగు కోట్ల కిలోమీటర్లుంది. మీకు పెసలున్నాయి. మరి నేనే ఎళ్ళాలి. పైగా ఈ గది మీ పేరు మీదుంది. అంటే నాకిది అత్తారిల్లే కదండీ. గడప తొక్కకూడదు."

వాదన చూడండి. సామర్లకోటలో పుట్టిన ఏ పురోహితుడికీ తట్టని వాదన. నేనూ తక్కువ తినలేదు. చాంద్రమానం అంటే చంద్రుణ్ణి బట్టి కదా, ఇక్కడి చంద్రుడు ఫోబోస్ ఎనిమిది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, ఆ లెక్కన నువ్వు చొక్కాలు మడతపెట్టే సరికే ఆషాఢం వచ్చి వెళ్ళిపోయింది అన్నాను.

"పెద్దమ్మ గారు ఫోబోస్ మాట చెప్పలేదండీ," అన్నాడు.

కుజదోషం ఉన్నవాళ్ళకు పెళ్ళి కలిసిరాదని నాన్న ఒకప్పుడు నా జాతకం పట్టుకుని తిరిగేవాడు. ఏకంగా కుజుడి మీదే కాపురం పెట్టినదానికి దోషం ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఇదిగో, చేసింది.

మీటరు సంగతి గుర్తుచేశాను. ఏడు రోజుల లోపల వచ్చేస్తాలే అన్నట్టు చూశాడు గానీ రాడని నాకు తెలుసు. ఆషాఢమంటే నెల. అతను పనిచేసే పుట్టగొడుగుల షెడ్డులో ఒక మంచం ఉంది, అక్కడికి పోయాడు.

సహనివాసం: 57వ రోజు

వదిలి వెళ్ళినవాడు వదిలినట్టు ఉండాలి కదా. రోజూ మూడు పూటలా వస్తాడు. లోపలికి రాడు. ఇక్కడి తలుపులకు గాలి పోకుండా చీలమండంత ఎత్తున గడప ఉంటుంది. దానికి అవతల నడవలో కాళ్ళు బారచాపుకుని కూర్చుంటాడు. ఇవతల నేను. మధ్యలో కంచం. నడవలో పోయేవాళ్ళు అతని కాళ్ళు దాటుకుని పోతుంటారు, ఒకావిడ రోజూ తిట్టుకుంటూ దాటుతుంది.

ఒళ్ళు మండిపోతోంది గానీ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒకే గదిలో ఉన్నప్పుడు నేను మట్టి లెక్కలు చూసుకుంటూ, అతను పంపుల బొమ్మలు చూసుకుంటూ గంటలకు గంటలు ఒక్క మాట లేకుండా గడిపేవాళ్ళం. ఇప్పుడు గడప దగ్గర కూర్చుంటే మాటలే మాటలు. అతని చిన్నప్పుడు వాళ్ళమ్మ నీళ్ళ గొట్టం చల్లగా ఉంటుందని దానికి వీపు ఆనించి నిద్రపోయేదట. రెండేళ్ళ పెళ్ళిలో ఆ మాట ఇవాళ చెప్పాడు.

ఈరోజు నడవలో, తలుపు సందులకు పూసే తెల్లటి సీలు పొడితో ముగ్గు కూడా వేశాడు. ఊడ్చే యంత్రం వచ్చి మింగి, జీర్ణం కాక అక్కడే ఆగిపోయింది.

మీటరు: ఒకటి.

సహనివాసం: 61వ రోజు

నోటీసు వచ్చింది. సహనివాసం జరగడం లేదని మీటరు చెబుతోందట. ఎల్లుండి కాక ఆవలెల్లుండి విచారణ. పెళ్ళి నిజమైనది కాదని తేలితే పన్నెండు రోజుల్లో బయలుదేరే తిరుగు ఓడలో ఆధారితుణ్ణి పంపించేస్తారు. ఆధారితుడంటే మా ఆయన. ఆ తర్వాత ఓడ రెండేళ్ళ రెండు నెలలకు.

గడప మీద నోటీసు పెట్టి అరిచాను. నా జీవితంలో ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు. "నువ్వు లోపలికి రా, ఇప్పుడే రా," అన్నాను. అతను కాగితం రెండుసార్లు చదువుకుని, మడిచి, "పెద్దవాళ్ళకి మాటిచ్చానండీ. ఆఫీసు వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్తే అర్థం చేసుకోరా?" అన్నాడు.

పెద్దమ్మకు చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆవిడ నోట్లో మాట ఆగదు, సాయంత్రానికి నాన్న చెవిన పడుతుంది. తెచ్చుకున్న మొగుణ్ణి మూటగట్టి వెనక్కి పంపేస్తున్నారన్న కబురు విని నాన్న నాకు మొదటిసారి మాట పంపడం నేను భరించలేను.

సహనివాసం: 64వ రోజు

విచారణ. అధికారిణి పేరు ఇంగ్రిడ్ మోయో. ఇక్కడే పుట్టిన మనిషి, జీవితంలో వాన చూడలేదు. మమ్మల్ని వేరువేరుగా పిలిచింది.

నన్ను ముందు అడిగింది. "పది రోజులు విడిగా ఎందుకున్నారు?"

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని రాస్తున్నాను. ఆషాఢం అని చెప్పడానికి సిగ్గేసింది. ఇరవై ఏళ్ళు చదువుకుని, గ్రహం దాటి వచ్చి, మా పెద్దమ్మ బెండకాయ వేయిస్తూ చెప్పిందండీ అని ఎలా అనను? అందుకని, గొడవ పడ్డామండీ, గురక గురించి, అన్నాను. గొడవయితే ఏ గ్రహంలోనైనా నమ్ముతారనుకున్నాను. ఎవరి గురక అంది. ఆయనదే అన్నాను. నిజానికి గురక నాది.

తర్వాత లెవాన్‌ను అడిగింది. అతను ఆషాఢం గురించి నలభై నిమిషాలు చెప్పాడట. అత్తా కోడలు ఒక గడప దాటకూడదన్న దగ్గర నుంచి, అల్లుడికి శ్రావణంలో పెట్టే బట్టల దాకా.

ఇద్దర్నీ మళ్ళీ కూర్చోబెట్టింది. "మీలో ఒకరు అబద్ధం చెప్పారు," అంది.

"నేనే," అన్నాను. "ఆయన చెప్పిందే నిజం."

"మరి మీరెందుకు అబద్ధం చెప్పారు?"

"సిగ్గేసి."

లెవాన్ నావైపు తిరిగి చూశాడు. అతను నా వాళ్ళ ఆచారాన్ని నలభై నిమిషాలు గర్వంగా చెప్పుకున్న గదిలోనే నేను దాన్ని దాచిపెట్టాను. ఆ చూపుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మోయో గారు ఇంకో కాగితం తీసింది. నడవ మీటరు లెక్క అది. మా గది తలుపు ముందు, రోజుకు మూడు గంటలకు తక్కువ లేకుండా, ఎటూ కదలని ఊపిరి ఒకటి పదిరోజులుగా నమోదవుతోంది. ఎక్కడో గాలి లీకవుతోందనుకుని మరమ్మతు వాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి పోయారట.

"నాకు మీ నెల సంగతి అర్థం కాలేదు," అంది. "ఇరవై ఏళ్ళుగా ఈ లెక్కలు చూస్తున్నాను. దొంగ పెళ్ళిళ్ళ వాళ్ళకు మీటరు సరిగ్గా రెండు చూపిస్తుంది. తలుపు బయట కూర్చోరు. పెళ్ళి నిజమేనని రాస్తాను. కానీ నియమం నియమమే. తొంభై రోజులు మళ్ళీ మొదటి నుంచి. రేపు సాయంత్రం ఐదులోపు మీ గది మీటరు రెండు చూపించాలి. చూపించకపోతే ఓడ ఖాయం, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

సహనివాసం: 65వ రోజు

ఆషాఢం ఇంకా పద్దెనిమిది రోజులుంది. మా ఆయన గడప అవతలే ఉన్నాడు.

పొద్దున్నుంచి బతిమాలాను, బెదిరించాను, తలుపు వేసేస్తానన్నాను. మధ్యాహ్నానికి నా గొంతు పోయింది. అప్పుడు అతను మోకాలి పట్టీ సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"మీ వాళ్ళు నన్ను అడిగిన మొదటి పనిదేనండీ. పెళ్ళికి రమ్మంటే రాలేదు. మీ నాన్నగారికి పన్నెండు మాటలు పంపాను, ఒక్కదానికీ జవాబు లేదు. పెద్దమ్మ గారు ఒక్కరే అడిగారు, ఇది పాటించాలయ్యా అని. అల్లుణ్ణి అనుకుంటేనే కదండీ అలా అడుగుతారు? ఇదీ చెయ్యలేకపోతే నేనేం అల్లుణ్ణండీ?"

ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా నాన్న మౌనం నా ఒక్కదాని దిగులే అనుకున్నాను. పన్నెండు మాటలు పంపాడని నాకు తెలియనే తెలియదు.

"నిన్ను పంపించేస్తారు లెవాన్," అన్నాను.

"ఆయ్," అన్నాడు. "పెద్దమ్మ గారు రమ్మంటే వస్తానండీ. మీరు రమ్మంటే కాదు."

నాన్న చెవిన పడితే పడనీ అనుకున్నాను. మొత్తం చెప్పేశాను పెద్దమ్మకు, షెడ్డు, నోటీసు, గురక, నా అబద్ధం, ఐదు గంటల గడువు, అన్నీ. ఒంటిగంటకు పంపాను. మాట అక్కడికి చేరడానికి పందొమ్మిది నిమిషాలు, తిరిగి రావడానికి పందొమ్మిది. రెండు కొట్టింది. మూడు కొట్టింది. సామర్లకోటలో అది కర్రీ పాయింటుకు జనం మీదపడే వేళ అని అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం గడపకు చెరోవైపు కూర్చున్నాం. రోజూ తిట్టుకుంటూ దాటే ఆవిడ ఈరోజు మా మొహాలు చూసి తిట్టకుండానే దాటింది.

నాలుగున్నరకు వచ్చింది.

"ఒసేయ్, పప్పుగిన్నె దించుతుంటే పెట్టావు, చేతులు కాళీ లేక ఇప్పుడిన్నాను. నీకసలు బుద్దుందా, ఇన్నాళ్ళు చెప్పకుండా ఏం చేశావే? నాకేం తెల్సే అక్కడ మీటర్లున్నాయని? కొత్తల్లుడితో ఏం మాటాడాలో తెలీక, కొత్తల్లుడికి చెప్పే మాటేదోటి చెప్పాలని చెప్పాను. ఆయ్ అన్నాడని మీ పెద్దనాన్నకి మూడుసార్లు ఇనిపించుకున్నాను. అంతేగానీ ఇల్లొదిలేసి పుట్టగొడుగుల్లో పడుకుంటాడనుకున్నానా? మా ఇంట్లో ఏ అల్లుడు నా మాటిన్నాడే ఇప్పటిదాకా? మీ అక్క మొగుడు ఆషాఢంలో పిట్టగోడ దూకొచ్చాడు."

వెనకాల ఎవరో పావుకేజీ వంకాయ కూర అడుగుతున్నారు. పెద్దమ్మ మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది.

"బాబూ లెవానూ, గడప కాడున్నావా? ఉండమన్నదీ నేనే, రమ్మంటన్నదీ నేనే. నువ్వు మా ఇంటి అల్లుడివి నాయనా. ఎవరొప్పుకున్నా ఒప్పుకోపోయినా అల్లుడివే. ఈళ్ళ నాన్న సంగతి నేను చూసుకుంటాను. కాళ్ళు కడుక్కుని లోపలికి రా. ఒసేయ్ వేణీ, గుడ్లప్పగించి చూత్తావేంటే, ఆ బాబుకి నీళ్ళియ్యి."

లెవాన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను లేచి నా వాటా నీళ్ళ డబ్బా తెచ్చాను. ఆరు లీటర్లూ నిండుగా ఉన్నాయి. ఈరోజు నా స్నానం రోజు.

అతను వద్దు వద్దంటూనే లేచి, గోడ పట్టుకుని నిలబడి పట్టీలు విప్పాడు. పది రోజులు షెడ్డు నేల మీద తిరిగిన కాళ్ళు, వేళ్ళ సందుల్లో ఎర్రమన్ను పట్టేసి ఉంది. అన్ని నీళ్ళు నేల మీద పారబోయడం అతను పుట్టాక ఎన్నడూ చూసి ఉండడు. నేనూ ఈ రెండేళ్ళలో చూడలేదు. ఒక కాలు కడిగాను. రెండో కాలు కడిగాను. మిగిలినవి మళ్ళీ పోశాను, అవసరం లేకపోయినా.

"తల జాగ్రత్త," అన్నాను.

వంగి, గడప దాటి లోపలికి వచ్చాడు. గది నిండా తడి అడుగులు. నాలుగూ నలభై ఎనిమిదికి మీటరు రెండు చూపించింది.